ఎడమకు తిరగని ట్రక్కు

తూమురేవు పురపాలక సంఘానికి ఒక ట్రక్కు ఉండేది. కాగితాల్లో దాని పేరు వరద సహాయ వాహనం. వరద లేని రోజుల్లో బ్లీచింగ్ పొడి బస్తాలు మోసేది, సభలకి కుర్చీలు మోసేది. వరద వచ్చిన రోజున మాత్రం దానికి ఒంట్లో బాగుండేది కాదు. కిందటేడు మోకాల్లోతు నీళ్ళలో దిగి, ఇంజను నిండా నీళ్ళు తాగి, నడిరోడ్డు మీద ఆగిపోయింది. దాన్ని బయటికి లాగడానికి రెండు జతల గేదెల్ని కట్టారు.

ఈ సంగతి పైకి వెళ్ళింది. పైనుంచి ఉత్తర్వు దిగింది. "ఇకమీదట వరద వాహనములన్నియు వరద కన్న ఎత్తుగా ఉండవలెను" అని. వరద ఎత్తెంతో అందులో రాయలేదు. రాయకపోవడమే మంచిదని కమిషనర్ త్రిలోచనరావు గారు అన్నారు. రాస్తే వరద దాన్ని పాటించకపోవచ్చు అన్నారు.

పట్నం నుంచి నలుగురు మనుషులు వచ్చి ట్రక్కు స్ప్రింగుల దగ్గర ఇనుప దిమ్మలు బిగించి, బండిని జానెడు పైకి లేపారు. పాత టైర్లు తీసేసి, వెనకాల చంటిపిల్లాడు కూర్చుంటే కనబడనంత పెద్ద టైర్లు వేశారు. వెళుతూ వెళుతూ ఒక ధ్రువపత్రం ఇచ్చారు. దాని పేరు ఎత్తు ధ్రువపత్రం. ఆఖరి వాక్యం ఇలా ఉంది: "ఈ పత్రము జారీ అయిన పిదప వాహనము యొక్క ఏ నట్టును ఎవ్వరును తిప్పరాదు. తిప్పినచో వాహనము యొక్క ఎత్తు చెల్లదు."

ట్రక్కు డ్రైవరు కొల్లు చిట్టబ్బాయి. యాభై దాటిన మనిషి. పద్దెనిమిదేళ్ళుగా ఆ బండే తోలుతున్నాడు. మాట తక్కువ. ఉండేది ఊరికి రెండు మైళ్ళ అవతల, బల్లకట్టుపేటలో.

బల్లకట్టుపేట సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. తూమురేవు నుంచి గట్టు రోడ్డు మీద వెళితే కుడిచేతి వైపు గోదావరి. ఎడమచేతి వైపు గట్టు దిగితే అరమైలు పల్లం. ఆ పల్లం చివర అరవై రెండు ఇళ్ళు. అదే పేట. వానలు ముదిరితే మురుగు కాలువ ఎగదన్ని ఆ పల్లమంతా నడుంలోతు నీళ్ళు నిలబడతాయి. అప్పుడు పేటలోంచి మనిషి బయటపడాలంటే ఎత్తయిన బండి ఒకటి గట్టు దిగి లోపలికి రావాలి. ఇంతకాలం రాలేదు. జనం ఇళ్ళ కప్పుల మీద కూర్చుని నీళ్ళు తీసేదాకా ఎదురు చూసేవారు. ఇప్పుడు బండి లేచింది కాబట్టి వస్తుందనుకున్నారు. చిట్టబ్బాయి కూడా అదే అనుకున్నాడు. అతని భార్య మంగాయమ్మ, కడుపుతో ఉన్న కోడలు అక్కడే ఉన్నారు.

ప్రారంభోత్సవం నాడు కమిషనర్ గారు నిచ్చెన వేసుకుని ట్రక్కు ఎక్కారు. ఎక్కాక నిచ్చెన తీసేశారు, ఫోటోలో పడుతుందని. కొబ్బరికాయ కొట్టారు. చిట్టబ్బాయి బండిని ఆఫీసు గేటు దాటించి స్టీరింగు ఎడమకి బాగా తిప్పాడు. ఎడమచేతి ముందు టైరు వెనక అంచు మడ్‌గార్డు లోపలి రేకుకి ఆనుకుని బర్రుమంది. రబ్బరు కాలిన వాసన వచ్చింది.

"ఏమిటయ్యా ఆ చప్పుడు?" అన్నారు కమిషనర్ గారు.

"టైరు రాసుకుంటందండి."

"దేనికి రాసుకుంటోంది? దారిలో ఏమీ లేదే."

"బండికేనండి. దీని టైరు దీనికే రాసుకుంటందండి."

"కొత్త చెప్పు కరవదూ? అలాంటిదే. పోనీ" అన్నారు.

పోనిచ్చాడు. ఊరు ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఎడమ టైరు మీద వేలెడు గాడి పడింది.

*

బస్టాండు వెనక ఉద్దండు సాయిబు షెడ్డు ఉంది. చక్రాల వంకర తీయడంలో నాలుగు మండలాల్లో ఆయన పేరు చెబుతారు. ఆయన దగ్గర మిషను లేదు. నాలుగు ఇటుకలు నిలబెట్టి, వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా దారం లాగి కట్టి, ఒక కన్ను మూసుకుని చూస్తాడు. అంతే.

చిట్టబ్బాయి బండి తీసుకెళితే సాయిబు దారం కట్టి చూశాడు. స్టీరింగు ఎడమకి తిప్పమన్నాడు. కుడికి తిప్పమన్నాడు. మళ్ళీ ఎడమకి తిప్పమన్నాడు. తర్వాత బండి కింద దూరి, కాసేపటికి బయటికి వచ్చాడు.

"లేపడం లేపారు, కాళ్ళు సర్దలేదు" అన్నాడు.

"అంటే ఏటండి?"

"నువ్వు మునివేళ్ళ మీద నిలబడు. నీ మోకాళ్ళు మామూలుగా ఉంటాయా? ఒళ్ళంతా జరుగుద్ది కదా. ఇదీ అంతే. బండి పైకి లేచేసరికి ఈ చక్రం వెనక్కి జరిగింది. టైరు చూస్తే పెద్దది. చోటు చాల్లేదు. కింద చక్రాన్ని పట్టుకున్న ఆరమ్ ఉంది చూడు, దాని బోల్టులు వదులు చేసి చక్రాన్ని రెండు వేళ్ళ మందం ముందుకి తోయాలి. తర్వాత దారం పట్టి రెండు చక్రాల ముక్కులూ ఒకే వైపు చూసేలా పెట్టాలి. ఈ రేకు అంచు లోపలికి మడిచి కొట్టాలి. పొద్దున్నే మొదలెడితే టిఫిను వేళకి అయిపోద్ది."

"మరింక చేసెయ్యండి సాయిబు గారు."

సాయిబు బోల్టు మీద స్పానర్ పెట్టబోయి, బండి తలుపుకి అంటించిన ఎత్తు ధ్రువపత్రం చూశాడు. నెమ్మదిగా, అక్షరం అక్షరం కూడబలుక్కుని ఆఖరి వాక్యం దాకా చదివాడు. స్పానర్ కింద పెట్టేశాడు.

"నట్టు తిప్పితే ఎత్తు చెల్లదంట. రేపు మీవాళ్ళు వచ్చి, మా ఎత్తు ఏం చేశావు ఉద్దండూ అంటే ఎక్కడి నుంచి తెచ్చివ్వను? కమిషనర్ గారి చేత ఒక ముక్క రాయించుకురా."

"అందాకా తోలుకోవచ్చా?"

"ఊళ్ళో ఖాళీగా తోలుకో. ఈ రేకు అంచు కత్తిలా ఉంది. మనుషుల్ని ఎక్కించుకుని నీళ్ళలో ఎడమకి బలంగా తిప్పావంటే మాత్రం టైరుని కోసేస్తది. బండి పక్కకి ఒరుగుద్ది. అలా చెయ్యకు."

గట్టు మీంచి బల్లకట్టుపేటకి దిగే మలుపు స్టీరింగు పూర్తిగా తిప్పితే తప్ప దొరకదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

*

రాయించుకురమ్మన్న ఒక ముక్క కోసం సమావేశం జరిగింది. కమిషనర్ గారు, ఇంజనీరు ప్రమీలారాణి గారు, హెడ్ క్లర్కు వామనమూర్తి గారు కూర్చున్నారు. చిట్టబ్బాయి నిలబడ్డాడు.

"సాయిబు చెప్పింది నిజమే సార్. అలైన్‌మెంట్ సరిచేస్తే పోతుంది. రెండు గంటల పని" అన్నారు ప్రమీలారాణి గారు. ఆవిడ ఉద్యోగంలో చేరి ఆరు నెలలే అయింది.

వామనమూర్తి గారు ధ్రువపత్రం నకలు తీసి కళ్ళజోడు సర్దుకున్నారు. "నట్టు తిప్పరాదు అని స్పష్టంగా ఉందమ్మా. నట్టు తిప్పకుండా సరిచేసే విధానం ఏదైనా ఉంటే సెలవివ్వండి, నోటు పెడతాను."

అలాంటిది లేదని ఆవిడ ఒప్పుకున్నారు.

కమిషనర్ గారు చిట్టబ్బాయి వైపు తిరిగారు. "ఈ రాపిడి ఎప్పుడెప్పుడు వస్తోంది?"

"ఎడమకి తిప్పినప్పుడండి."

"కుడికి తిప్పితే?"

"రాదండి."

"తిన్నగా పోతే?"

"రాదండి."

"నిలబడి ఉంటే?"

"అసలు రాదండి."

కమిషనర్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "చూశారా మూర్తిగారూ. లోపం వాహనంలో లేదు. ఎడమలో ఉంది."

మర్నాడు మెమో వచ్చింది. "పై విషయమై తెలియజేయునది ఏమనగా, వరద సహాయ వాహనము తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు ఎడమకు తిరుగరాదు. ఇందుకు విరుద్ధముగా తిరిగిన డ్రైవరును విధుల నుండి తొలగించుట జరుగును. ఎడమ దిశలో పనులున్నచో మూడు పర్యాయములు కుడికి తిరిగి అట్టి దిశను పొందవలెను."

మూడు కుడులు ఒక ఎడమ అవుతాయని కమిషనర్ గారు బల్ల మీద పేపర్ వెయిట్‌ని తిప్పి చూపించారు. అది నిజమే.

అప్పటినుంచి ట్రక్కు కుడి మీదే బతికింది. ఆఫీసుకి ఎడమపక్క సందులో ఉన్న ఆసుపత్రికి బ్లీచింగ్ పొడి ఇవ్వాలంటే మార్కెట్టు చుట్టి, గంటస్తంభం చుట్టి, సినిమా హాలు చుట్టి వెళ్ళేది. టీ కొట్టు పెంటారావు రోజూ పలకరించేవాడు.

"పొద్దున్నించి నాలుగోసారి వత్తున్నావు చిట్టబ్బాయ్. ఏం పారేసుకున్నావు?"

"ఎడమ" అనేవాడు చిట్టబ్బాయి.

ఊళ్ళో అలా గడిచిపోయింది. బల్లకట్టుపేట దగ్గర చిక్కొచ్చింది. గట్టు మీద వెళుతూ ముందు కుడికి తిరగాలంటే అక్కడ గోదావరి ఉంది. వామనమూర్తి గారు ఫైలు మీద రాశారు: "ప్రథమ కుడి మలుపు నదిలో పడుచున్నది. నది విభాగము వారి అభిప్రాయము కోరడమైనది." ఇరవై రోజులకి జవాబు వచ్చింది. "నది ప్రస్తుతము వాడుకలో ఉన్నది" అని.

"పోనీ రివర్సులో దిగితే?" అన్నారు ప్రమీలారాణి గారు.

"పురపాలక సంఘం వెనక్కి నడుస్తోందని పత్రికల్లో రాస్తారమ్మా" అన్నారు కమిషనర్ గారు. "అసలు మీరు సమస్యని ఒక వైపు నుంచే చూస్తున్నారు. పేట నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఏ మలుపు?"

"కుడేనండి" అన్నాడు చిట్టబ్బాయి.

"మరింకేం. పేట నుంచి వాహనం నిరభ్యంతరంగా రావచ్చు. సగం పని అయినట్టే. అది రాయండి మూర్తిగారూ."

రాశారు.

మిగతా సగం కోసం మరో సమావేశం పెట్టారు. అందులో కమిషనర్ గారికి ఒక ఆలోచన వచ్చింది. ట్రక్కు ఎడమకి వెళ్ళలేదు కాబట్టి, పేట వాళ్ళనే కుడికి రమ్మంటే సరిపోతుంది. గట్టుకి గోదావరి వైపున ఒక బోర్డు పాతించారు. కుడి పార్శ్వ సమీకరణ కేంద్రము. వరద వచ్చిన వెంటనే పేట ప్రజలందరూ అక్కడ వరుసలో నిలబడాలి. ట్రక్కు వచ్చి రక్షిస్తుంది.

జూన్ నెలలో దానికి అభ్యాసం జరిపారు. పేట వాళ్ళందరినీ గట్టు దాటించి, నదిలోకి దింపి నిలబెట్టారు. అప్పటికి నీరు చీలమండల దాకానే ఉంది. కమిషనర్ గారు గట్టు మీద గొడుగు కింద నిలబడి గడియారం చూసుకున్నారు.

"అయ్యా, వరద రోజున ఇక్కడ తాటిచెట్టు లోతు నీళ్ళుంటాయండి" అంది మంగాయమ్మ, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని.

"అందుకే కదమ్మా రక్షించేది. పొడినేల మీద ఉన్నవాళ్ళని రక్షిస్తే ఆడిటు వాళ్ళు ఒప్పుకోరు."

"మరి పేటలోంచి ఇక్కడి దాకా ఎలా రావాలండి? మధ్యలో అరమైలు నీళ్ళుంటే?"

"అది మీ సొంత ప్రయాణం. అందులో పురపాలక సంఘం జోక్యం చేసుకోదు."

మంగాయమ్మ ట్రక్కు వైపు చూసింది. స్టీరింగు దగ్గర మొగుడు కూర్చుని ఉన్నాడు. "ఏవయ్యా, అంత ఎత్తు మీద కూర్చున్నావు. నీకన్నా తెలుస్తందా?" అంది.

కమిషనర్ గారు చెయ్యి ఊపగానే చిట్టబ్బాయి బండి దగ్గరికి తెచ్చి అందరినీ ఎక్కించుకున్నాడు. కోడల్ని ఎక్కించడానికి నలుగురు పట్టాల్సి వచ్చింది. అభ్యాసం విజయవంతమైందని మర్నాడు పేపర్లో పడింది. ఇంటికి వెళ్ళాక మంగాయమ్మ కంచం అతని ముందుకి తోసి, వెళ్ళి పడుకుంది.

*

ఆగస్టు రెండో వారంలో నాలుగు రోజులు ఆగకుండా వాన పట్టింది. అయిదో రోజు తెల్లారేసరికి కాలువ ఎగదన్నింది. చిట్టబ్బాయి ఆ రాత్రి డ్యూటీలో ఆఫీసులోనే ఉండిపోయాడు. ఆరు గంటలకి మంగాయమ్మ ఫోను చేసింది. "గుమ్మం దాటింది" అంది. అంతే అంది. వెనక కోడలు ఎవరినో పిలుస్తున్న గొంతు వినబడింది.

అతను ట్రక్కు తీసుకుని ఉద్దండు సాయిబు షెడ్డుకి వెళ్ళాడు. సాయిబు అప్పుడే తలుపు తీస్తున్నాడు.

"కాగితం తెచ్చావా?"

"కాగితం రాలేదండి. నీళ్ళొచ్చేయి."

సాయిబు ఒక్క క్షణం ఆ ధ్రువపత్రం వంక చూశాడు. తర్వాత జాకీ తీసుకొచ్చాడు.

ఇద్దరూ పనిలోకి దిగారు. బండి ముందు భాగం లేపారు. కింది ఆరమ్ బోల్టులకి నూనె పోసి, ఇనప గొట్టం తగిలించి వదులు చేశారు. సాయిబు గడ్డపార ఆనించి చక్రాన్ని ముందుకి నెట్టి, రెండు వేళ్ళు సందులో పెట్టి చూసుకున్నాడు. చాలన్నాడు. చిట్టబ్బాయి బోల్టులు బిగించాడు. దారం కట్టారు. తడికి దారం బరువెక్కి కిందికి వాలుతుంటే సాయిబు దానికి కొవ్వొత్తి మైనం రుద్ది మళ్ళీ లాగి కట్టాడు. కుడి చక్రం ముక్కు కాస్త బయటికి చూస్తోంది. రెండు చక్రాల్నీ కలిపే రాడ్డు ఒకటిన్నర చుట్టు తిప్పితే సరిపడింది. ఆఖరికి సుత్తితో లోపలి రేకు అంచు మడిచి కొట్టాడు. సాయిబు అన్నట్టే టిఫిను వేళకి పని అయిపోయింది.

"ఎడమకి తిప్పు" అన్నాడు సాయిబు.

చిట్టబ్బాయి ఆ చివరి దాకా తిప్పాడు. చప్పుడు లేదు. టైరుకీ రేకుకీ మధ్య అరచెయ్యి పట్టేంత సందు ఉంది.

గట్టు మలుపు దగ్గర ఒక్కసారికే తిరిగింది. ట్రక్కు ఆ రోజు పేటకి ఏడుసార్లు దిగింది, ఏడుసార్లు వచ్చింది. మొదటి ట్రిప్పులో కోడలు వచ్చింది. ఆఖరి ట్రిప్పులో మంగాయమ్మ, రెండు మేకలు, పేటలో అందరికంటే ముసలిదైన గంగరత్నం వచ్చారు. సాయంత్రానికి అందరూ ఊళ్ళో హైస్కూలు వరండాల్లో ఉన్నారు. ఆసుపత్రిలో చిట్టబ్బాయికి మనవరాలు పుట్టింది.

*

మర్నాడు పొద్దున వామనమూర్తి గారు హైస్కూలుకి వచ్చారు. బియ్యం బస్తాలు, పాల డబ్బాలు హెడ్మాస్టరు గదిలో పెట్టించి తాళం వేశారు. బల్ల వేసుకుని రిజిస్టరు తెరిచారు.

"రక్షింపబడినవారికి మాత్రమే పంపిణీ. ఎవరు రక్షించారు?"

"మన ట్రక్కేనండి" అన్నారు జనం.

"ఎక్కడి నుంచి?"

"పేటలోంచండి."

వామనమూర్తి గారు కలం కింద పెట్టారు. "పేటలోంచి రావడానికి అభ్యంతరం లేదు. పేటకి వెళ్ళడానికి మాత్రం ఎడమకి తిరగాలి. వాహనం ఎడమకి తిరగదు. తిరగదు కాబట్టి వెళ్ళలేదు. వెళ్ళలేదు కాబట్టి మిమ్మల్ని తీసుకురాలేదు. రికార్డు ప్రకారం మీరు ఇంకా ఇళ్ళ కప్పుల మీదే ఉన్నారు."

"ఇక్కడ కూర్చున్నాం కదండీ" అంది గంగరత్నం.

"అది నాకు కనబడుతోందమ్మా. రిజిస్టరుకి కనబడాలి కదా."

"పోనీ మళ్ళీ వెళ్ళి కప్పులెక్కి కూర్చోమంటారా?"

ఆయన ఆ ప్రశ్నని సీరియస్‌గా ఆలోచించారు. కమిషనర్ గారిని అడిగి చెబుతానన్నారు.

ఆ రోజు తాళం తియ్యలేదు. చుట్టుపక్కల వాళ్ళు తెచ్చిన అటుకులు పిల్లలకి పెట్టారు. మూడో రోజు అటుకులు కూడా అయిపోయాయి. పిల్లలు హెడ్మాస్టరు గది కిటికీ పట్టుకుని పాల డబ్బాలు చూస్తూ నిలబడ్డారు.

చిట్టబ్బాయి అది చూశాడు. కాగితం తీసుకుని, బల్ల అంచున పెట్టి, ఇలా రాశాడు: "అయ్యా, నేను ఏడు సార్లు ఎడమకి తిరిగాను. ఇట్లు, కొల్లు చిట్టబ్బాయి."

"పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం" అంది మంగాయమ్మ, పక్కవాళ్ళ చేత చదివించుకుని.

"ఆయ్" అన్నాడు.

కాగితం తీసుకెళ్ళి కమిషనర్ గారికి ఇచ్చాడు. ఆయన చదివారు. వామనమూర్తి గారికి ఇచ్చారు. ఆయన రెండుసార్లు చదివి తల అడ్డంగా ఊపారు.

"ఇది చెల్లదు సార్. ఏడుసార్లు బరువుతో ఎడమకి తిరిగితే టైరు చిరిగి ఉండాలి. రాపిడి వస్తుందని మనమే మినిట్సులో రాసుకున్నాం. టైరు చూశాను, పాత గాడి తప్ప బాగానే ఉంది. కాబట్టి ఇతను తిరగలేదు. తిరగని మనిషి తిరిగానని రాసిస్తున్నాడు. తప్పుడు వాంగ్మూలం."

"తిరిగానండి. కావాలంటే ఇప్పుడు తిరుగుతాను, చూడండి" అన్నాడు చిట్టబ్బాయి. పద్దెనిమిదేళ్ళలో ఆ ఆఫీసులో అతను అన్న అన్నిటికంటే పెద్ద మాట అది.

ఆఫీసు ఆవరణలో విచారణ జరిగింది. కమిషనర్ గారు, వామనమూర్తి గారు ఎడమ చక్రం దగ్గర చెవులు పెట్టి వంగారు. ప్రమీలారాణి గారు కాస్త ఎడంగా నిలబడ్డారు. చిట్టబ్బాయి స్టీరింగు ఎడమకి చివరి దాకా తిప్పి, ఆవరణలో ఒక గుండ్రం తిప్పాడు. రెండో గుండ్రం తిప్పాడు. టైరు కింద కంకర నలిగింది తప్ప మరో చప్పుడు లేదు.

కమిషనర్ గారు నడుం నిలబెట్టుకున్నారు. చాలాసేపు ఆలోచించారు. నట్టు తిప్పారని ఒప్పుకుంటే ఎత్తు చెల్లదు. ఎత్తు చెల్లకపోతే పైవాళ్ళ ఉత్తర్వు అమలు కానట్టు. రాపిడి లేదని ఒప్పుకుంటే మెమో తప్పు. మెమో తప్పయితే సమావేశాలు తప్పు, బోర్డు తప్పు, నదికి రాసిన ఉత్తరం తప్పు.

"ఇది మన వాహనం కాదు" అన్నారు.

"సార్?" అన్నారు ప్రమీలారాణి గారు.

"మన వాహనానికి ఎడమ రాపిడి ఉంది. రికార్డులో ఉంది. దీనికి లేదు. ఎలా మనది అవుతుంది?"

"నంబరు ప్లేటు మనదే కదండీ" అన్నాడు చిట్టబ్బాయి.

"నంబరు ఎవడైనా రాసుకోవచ్చు. రాపిడి రాసుకోలేడు."

వామనమూర్తి గారి ముఖం వెలిగిపోయింది. అప్పటికప్పుడు నోటు పెట్టారు. "ఎవరో అజ్ఞాత దాత తన వాహనముతో బల్లకట్టుపేట వాస్తవ్యులను రక్షించినట్లు తెలియుచున్నది. అట్టి దాతకు సంఘము తరఫున కృతజ్ఞతలు. రక్షింపబడినవారికి పంపిణీ ప్రారంభించవచ్చును."

ప్రమీలారాణి గారు నోరు తెరవబోయారు. హైస్కూలు కిటికీ దగ్గర పిల్లలు గుర్తుకొచ్చి ఉంటారు. మూసుకుని, ఆ నోటు కింద అందరికంటే ముందు సంతకం చేసేశారు. అరగంటలో హెడ్మాస్టరు గది తాళం తీశారు.

ఒక చిక్కు మిగిలింది. ఇది అజ్ఞాత దాత ట్రక్కు అయితే, మన ట్రక్కు ఏమైంది? వెతకడానికి కమిటీ వేశారు. వెతకడానికి కమిటీకి బండి కావాలి. అందుబాటులో ఉన్న బండి ఒకటే. అజ్ఞాత దాత వాహనాన్ని, యజమాని వచ్చేదాకా, చిట్టబ్బాయి చేత నడిపించుకోవచ్చని తీర్మానించారు.

మూడు రోజులు కమిటీ ఆ ట్రక్కులో కూర్చుని ఆ ట్రక్కు కోసం వెతికింది. పోయిన ట్రక్కు ఎడమకి తిరగలేదు కాబట్టి, అది ఎక్కడున్నా కుడివైపే ఉండాలని వామనమూర్తి గారు సూత్రం చెప్పారు. కనుక కుడివైపే వెతికారు. పెంటారావు టీ కొట్టు ముందు నుంచి పదకొండుసార్లు వెళ్ళారు.

"ఏం చిట్టబ్బాయ్, ఎవరికోసం?" అన్నాడు పెంటారావు.

"దీనికోసమే" అన్నాడు.

కమిటీ నివేదిక ఇలా ముగిసింది: "కుడి దిశలన్నియు గాలించడమైనది. వాహనము కనబడలేదు. ఎడమ దిశన గల బల్లకట్టుపేటలో సదరు వాహనము ఉండుటకు ఎట్టి అవకాశమును లేదు. కావున అక్కడ ఎవ్వరును, ఎప్పుడును వెతుకనవసరము లేదు."

ఇతరుల వాహనం ఆఫీసు ఆవరణలో ఉంచితే ఆడిటు అభ్యంతరం వస్తుందన్నారు. యజమాని వచ్చేవరకు ఎవరో ఒకరు కాపలా చూడాలన్నారు. చిట్టబ్బాయి చూస్తానని సంతకం పెట్టాడు. ట్రక్కు తీసుకెళ్ళి బల్లకట్టుపేటలో, అతని ఇంటి పక్క మెరక మీద నిలబెట్టాడు. సాయిబు నెలకోసారి దారం పట్టుకుని వచ్చి చూసి, టీ తాగి వెళ్ళేవాడు.

అక్టోబరులో మళ్ళీ వాన పట్టింది. కాలువ మళ్ళీ ఎగదన్నింది. మధ్యాహ్నం కమిషనర్ గారు స్వయంగా ఫోను చేశారు.

"చిట్టబ్బాయ్, పేట వాళ్ళకి చెప్పు. మన వరద వాహనం ఇంకా దొరకలేదు. గాలింపు ముమ్మరంగా సాగుతోంది. అందాకా ప్రజలు ఓపిక పట్టవలసిందని కోరుతున్నాను."

చిట్టబ్బాయి ట్రక్కు అద్దంలోంచి వెనక్కి చూశాడు. గంగరత్నం బల్ల మీద కూర్చుంది. కోడలు పాపకి టోపీ సర్దుతోంది. మంగాయమ్మ కింద నిలబడి రెండో మేకని పైకి అందిస్తోంది.

"చిత్తమండి. ఓపికగానే ఎక్కుతున్నారండి" అని, ఫోను జేబులో పెట్టుకుని, మంగాయమ్మ కూడా ఎక్కాక బండి గేరులో వేశాడు.